ప్రకృతి, విజ్ఞాన శాస్త్రాల మీద కొత్త పుస్తకాన్ని ఎంచుకోవడం, మరొకరికి సూచించడం ఎలా?

ప్రకృతి గురించి, విజ్ఞాన శాస్త్రం గురించి ఈమధ్య వచ్చిన పుస్తకాల్లో ఏది చదవమంటారని చాలామంది అడుగుతూ ఉంటారు. ఒక పేరు చెప్పి ఊరుకోవడం తేలికే కానీ, అలా చెప్పించుకున్న పుస్తకాలు ఎన్నో నలభయ్యో పేజీ దగ్గరే ఆగిపోవడం నేను చూశాను. ఆ పుస్తకాలు చెడ్డవి కావు, చదవబోయినవారు బద్ధకస్తులూ కారు. ఎవరి మనసులో ఏ ప్రశ్న ఉందో తెలుసుకోకుండా పుస్తకం చేతిలో పెట్టడం వల్లనే అలా జరుగుతుంది. రెండో ఇబ్బంది ఇంకా పెద్దది. పుస్తకం ఇష్టంగా పూర్తి చేసినవారు సైతం అందులో రుజువైనది ఏది, రచయిత ఊహించినది ఏది అన్న తేడా గమనించకుండా రెండింటినీ కలిపి నలుగురికీ చెబుతూ ఉంటారు. ఈ రెండు ఇబ్బందులనూ తప్పించుకునే పద్ధతిని కింద మెట్టు మెట్టుగా రాశాను. మధ్యలో కొన్ని పుస్తకాల పేర్లు కూడా వస్తాయి, కానీ పేర్ల కంటే పద్ధతే మీకు ఎక్కువ కాలం పనికొస్తుంది.

కావలసినవి

ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఉంటే చాలు. పుస్తకాన్ని కొనకముందే తిరగేసి చూసే వీలు ఉండాలి. అది గ్రంథాలయం కావచ్చు, ఈ-పుస్తకం నమూనా కావచ్చు, మిత్రుల దగ్గరున్న ప్రతి కావచ్చు. పరీక్షగా చూడటానికి రెండు రోజుల్లో మొత్తం మీద రెండు గంటలు పక్కన పెట్టుకోండి. ఈ రంగంలో కొత్త పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తున్నాయి కనుక, నోటుపుస్తకం చివరి పేజీని పదాల పట్టిక కోసం ఖాళీగా ఉంచండి. సైన్సులో డిగ్రీ అక్కర్లేదు. పదో తరగతి పాఠాలు కొంచెం గుర్తుంటే సరిపోతుంది, గుర్తులేకపోయినా మంచి రచయిత గుర్తుచేస్తారు.

1. ముందుగా ప్రశ్నను రాసుకోండి

"జీవశాస్త్రం", "అంతరిక్షం" అని రాసుకుంటే లాభం లేదు, అవి బీరువా మీద అంటించే చీటీలు. ప్రశ్నార్థకంతో ముగిసే ఒక వాక్యం రాయండి. గబ్బిలం చీకట్లో పురుగును ఎలా పట్టుకుంటుంది? సముద్రం వేడిని ఎక్కడి నుంచి ఎక్కడికి మోసుకుపోతుంది? జన్యువులో ఒక్క అక్షరం సరిదిద్దితే జబ్బు నయమవుతుందా? మనుషులు అంగారకుడి మీద నిజంగా కాపురం పెట్టగలరా? ఇలాంటి వాక్యం ఒకటి కాగితం మీద కనిపించాక, ఏ పుస్తకం మీకు కావాలో, ఏది అక్కర్లేదో చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

ఒకటికి మించి ప్రశ్నలు వస్తే అన్నీ రాసుకోండి, కానీ ఈసారికి ఒక్కదాన్నే ఎంచుకోండి. విశ్వం పుట్టుక నుంచి మనిషి మెదడు దాకా అన్నీ ఒకే పుస్తకంలో తెలుసుకోవాలని మొదలుపెట్టినవారు ఎక్కువగా మధ్యలోనే అలసిపోతారు.

2. ఆ ప్రశ్నకు మూడు పుస్తకాలు వెతకండి

ఒక్కటే పుస్తకం ముందు పెట్టుకుంటే పోల్చి చూసే అవకాశం ఉండదు, పది పెట్టుకుంటే ఎంపికే పెద్ద పని అవుతుంది. మూడు చాలు. బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ 1988 నుంచి సైన్సు పుస్తకాలకు బహుమతి ఇస్తోంది. ఏటా తుది పోటీకి ఎంపికయ్యే ఆరు పుస్తకాల జాబితా వెతకడానికి మంచి చోటు. బహుమతి పొందిన పుస్తకాన్నే తీసుకోవాలన్న నియమం పెట్టుకోకండి. మీ ప్రశ్నకు దగ్గరైనది ఆ ఆరింటిలో ఏదైనా కావచ్చు.

నేను తరచుగా చెప్పే కొన్ని పేర్లను ఇక్కడ ప్రశ్నలతో జతచేస్తున్నాను. జంతువులకు లోకం ఎలా కనిపిస్తుంది, ఎలా వినిపిస్తుంది అన్నది మీ ప్రశ్న అయితే, ఎడ్ యాంగ్ రాసిన 'యాన్ ఇమ్మెన్స్ వరల్డ్' నుంచి మొదలుపెట్టండి. 2022లో వచ్చిన ఈ పుస్తకానికి 2023లో రాయల్ సొసైటీ బహుమతి లభించింది. ప్రతి జీవీ తన ఇంద్రియాలకు అందినంత లోకంలోనే బతుకుతుందని, పిడుదుకు పశువు ఒంటి వేడి, వెంట్రుకల స్పర్శ, చర్మం నుంచి వచ్చే ఒక వాసన తప్ప తక్కిన ప్రపంచంతో పని లేదని యాకోబ్ ఫాన్ యూక్స్‌క్యూల్ అనే శాస్త్రవేత్త ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చెప్పిన ఆలోచన ఈ పుస్తకానికి పునాది. కేవలం వింతలను పోగేసి ఊరుకోకపోవడం ఇందులో నాకు నచ్చిన గుణం. స్కాలప్ అనే ఆల్చిప్ప జాతి జీవికి చిప్ప అంచు వెంట పదుల సంఖ్యలో, ఒక్కోసారి రెండు వందల దాకా కళ్లు ఉంటాయి. ఆ కళ్లతో అది నిజంగా ఏమైనా చూస్తుందా అని తెలుసుకోవడానికి డేనియల్ స్పైజర్ అనే శాస్త్రవేత్త స్కాలప్‌లను చిన్న చిన్న ఆసనాల్లో కూర్చోబెట్టి, నీటిలో నలుసులు కొట్టుకుపోతున్నట్టున్న దృశ్యాలను తెర మీద ఆడించాడు. మేత వచ్చిందన్నట్టుగా అవి చిప్పలు తెరిచాయి. ఒక సంగతి చెప్పడంతో పాటు అది ఎలా తెలిసిందో కూడా ఇలా చూపించే పుస్తకం దొరికితే వదలకండి.

శిలీంధ్రాల గురించి అయితే మెర్లిన్ షెల్డ్రేక్ రాసిన 'ఎంటాంగిల్డ్ లైఫ్' (2020) ఉంది. భూమి మీద అంతరించిపోయిన జీవలోకాలు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే థామస్ హాలిడే రాసిన 'అదర్‌లాండ్స్' (2022) తీసుకోండి. అది ఇరవై వేల సంవత్సరాల కిందట మొదలై, ఒక్కో అధ్యాయంలో ఒక్కో చోటును చూపిస్తూ, 55 కోట్ల సంవత్సరాల వెనక్కి నడుస్తుంది. కాలం వెనక్కి సాగుతోందన్న సంగతి ముందే తెలియకపోతే చదివేవారు తికమకపడతారు కనుక, ఆ ఒక్క మాట చెప్పి మరీ ఇవ్వాలి. సముద్రం మోసే వేడి గురించి భౌతిక శాస్త్రవేత్త హెలెన్ చెర్‌స్కీ రాసిన 'బ్లూ మెషీన్' (2023), శరీరంలోని కణం గురించి సిద్ధార్థ ముఖర్జీ రాసిన 'ద సాంగ్ ఆఫ్ ద సెల్' (2022), విశ్వం అంతమయ్యే ఐదు తీరుల గురించి కేటీ మ్యాక్ రాసిన 'ది ఎండ్ ఆఫ్ ఎవ్రీథింగ్' (2020) మంచివి. అంగారకుడి మీద కాపురం ప్రశ్నకు కెల్లీ, జాక్ వీనర్‌స్మిత్ దంపతులు రాసిన 'ఎ సిటీ ఆన్ మార్స్' (2023) సరిపోతుంది. అక్కడి మట్టిలోని విష లవణాల దగ్గర నుంచి 1967 నాటి అంతరిక్ష ఒప్పందం దాకా అన్నీ చర్చించి, ఆ పని మనం అనుకున్నంత త్వరగా అయ్యేది కాదని ఆ పుస్తకం వాదిస్తుంది.

హెచ్చరిక: ఆన్‌లైన్ దుకాణాల్లో పేరున్న పుస్తకం కోసం వెతికితే దాని పక్కనే అదే రంగు అట్టతో "సారాంశం", "వర్క్‌బుక్" అన్న పేర్లతో వేరేవారు తయారుచేసిన పలుచని పుస్తకాలు కనిపిస్తాయి. రచయిత పేరు, పేజీల సంఖ్య, ప్రచురణకర్త ఈ మూడూ సరిచూసిన తర్వాతే తీసుకోండి. రచయిత గురించి ఆ పుస్తకంలో తప్ప మరెక్కడా ఏ సమాచారమూ దొరకకపోతే దాన్ని పక్కన పెట్టడమే మేలు.

3. పుస్తకం అసలు వయసు తెలుసుకోండి

అట్ట లోపలి పేజీలో ప్రచురణ వివరాలు ఉంటాయి. అందులో చివరి ముద్రణ సంవత్సరాన్ని కాక, మొదటిసారి వెలువడిన సంవత్సరాన్ని చూడండి. పేపర్‌బ్యాక్ గానీ, కొత్త అట్టతో వచ్చిన ముద్రణ గానీ చూసి పదేళ్లనాటి పుస్తకాన్ని కొత్తదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. రచయిత పుస్తకాన్ని ప్రచురణకర్తకు అప్పగించేది కూడా మొదటి ముద్రణకు చాలా నెలల ముందు కనుక, అందులోని సమాచారం ఇంకొంచెం పాతదే అవుతుంది.

వయసు ఎంత ముఖ్యమన్నది విషయాన్ని బట్టి ఉంటుంది. జీవరసాయన శాస్త్రవేత్త జెనిఫర్ డౌడ్నా గురించి, జన్యువులను సరిదిద్దే క్రిస్పర్ పద్ధతి గురించి వాల్టర్ ఐజాక్సన్ రాసిన 'ద కోడ్ బ్రేకర్' 2021లో వచ్చింది. 2012 నాటి పరిశోధన నుంచి 2020లో డౌడ్నా, ఎమ్మాన్యుయెల్ షార్పెంటియర్‌లకు వచ్చిన రసాయన శాస్త్ర నోబెల్ దాకా అందులో ఉంది. సికిల్ సెల్ వ్యాధికి క్రిస్పర్ ఆధారంగా తయారైన మొదటి చికిత్సకు అనుమతి వచ్చింది 2023 చివర్లో కాబట్టి, ఆ సంగతి అందులో ఉండే అవకాశమే లేదు. పుస్తకం అంతమాత్రాన పనికిరానిది కాదు, చివరి అధ్యాయం తర్వాతి కథను మీరే వెతుక్కోవాలి, అంతే. అలాగే 2016కు ముందు వచ్చిన కృష్ణబిలాల పుస్తకంలో గురుత్వాకర్షణ తరంగాలను పట్టుకున్న వార్త ఉండదు, 2019కి ముందు వచ్చిన దానిలో కృష్ణబిలం మొదటి చిత్రం ఉండదు. ప్రాచీన డీఎన్ఏ, మానవ పూర్వీకులు, సౌరకుటుంబం బయటి గ్రహాలు, వైరస్‌లు ఇవన్నీ త్వరగా మారే విషయాలు. ఆటుపోట్లు ఎందుకు వస్తాయి, రాయి ఎలా ఏర్పడుతుంది వంటి వాటికి ఇరవై ఏళ్లనాటి పుస్తకమైనా ఫరవాలేదు.

4. మొదటి అధ్యాయం వదిలి మధ్యలోది చదవండి

ఈ-పుస్తకాల నమూనాలో ఎప్పుడూ మొదటి పేజీలే ఇస్తారు. ముందుమాటను, మొదటి అధ్యాయాన్ని ప్రతి రచయితా ఎంతో శ్రద్ధగా చెక్కుతారు కనుక వాటిని చూసి పుస్తకమంతటినీ అంచనా వేయలేము. వీలుంటే నాలుగో అధ్యాయమో ఐదో అధ్యాయమో తెరిచి పది పేజీలు చదవండి. చదువుతున్నప్పుడు మూడు సంగతులు గమనించండి: కొత్త పదం వచ్చినప్పుడు అక్కడే వివరించారా, "శాస్త్రవేత్తలు కనుగొన్నారు" అని వదిలేయకుండా ఎవరు ఎక్కడ ఏ పరికరంతో చూశారో చెప్పారా, ఇంకా తెలియని విషయం తెలియదని ఒప్పుకున్నారా. మూడింటిలో రెండు ఉన్నా ఆ పుస్తకాన్ని నమ్మి ముందుకు వెళ్లవచ్చు. పది పేజీల్లో పదిహేను పదాలకు పైగా అర్థం కాకపోతే మాత్రం అది మీ తప్పు కాదు. ఆ పుస్తకం వేరే పాఠకులను ఉద్దేశించి రాసింది. మీరు వెతికి పెట్టుకున్న మూడు పుస్తకాల్లో రెండోదానికి వెళ్లండి.

5. ఒక్క వాదనను చివరిదాకా వెంబడించండి

ఈ పద్ధతిలో నేను అన్నిటికంటే ఎక్కువ పట్టుబట్టేది ఈ మెట్టు మీదనే. చాలామంది దీన్నే దాటవేస్తారు కూడా. పుస్తకంలో మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యపరిచిన వాక్యాన్ని ఒకటి ఎంచుకోండి. ఎవరికైనా చెప్పాలని మనసు ఉవ్విళ్లూరే వాక్యమే దానికి తగినది. ఇప్పుడు పుస్తకం వెనుక ఉండే గమనికల్లోకి వెళ్లి ఆ వాక్యానికి ఆధారం ఏమిటో చూడండి. ఆధారంగా పరిశోధన పత్రాన్ని చూపించారా, పత్రికా వార్తను చూపించారా, అసలు ఏమీ చూపించలేదా? పరిశోధన పత్రం అయితే దాని పేరుతో వెతికి, మొదట్లో ఉండే సంగ్రహం (అబ్‌స్ట్రాక్ట్) చదవండి. సంగ్రహం సాధారణంగా ఉచితంగానే దొరుకుతుంది, ఒక పేరాకు మించదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అడవిలో చెట్లు వేళ్లకు అంటుకున్న శిలీంధ్రాల ద్వారా ఒకదానికొకటి ఆహారం పంపుకుంటాయని, తల్లిచెట్టు తన పిల్ల మొక్కలను గుర్తుపట్టి పోషిస్తుందని మీరు వినే ఉంటారు. ఈ ఆలోచనకు ప్రాచుర్యం తెచ్చిన సుజాన్ సిమార్డ్ స్వయంగా రాసిన పుస్తకం 'ఫైండింగ్ ద మదర్ ట్రీ' 2021లో వచ్చింది. గమనికల వెంట వెళితే 1997లో 'నేచర్' పత్రికలో ఆమె, సహచరులు ప్రచురించిన పత్రం దగ్గరికి చేరుతాం. అందులో చేసిన పని నిజంగా చాలా నేర్పుతో కూడినది. అడవి నేలలో బర్చ్, డగ్లస్ ఫర్ అనే రెండు జాతుల చెట్ల మొక్కలను పక్కపక్కన పెంచి, ఒక జాతికి ఒక రకం కార్బన్ ఐసోటోపును (అదే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులను), రెండో జాతికి మరో రకాన్ని అందించి, కొన్నాళ్లకు ఏ కార్బన్ ఎవరిలో తేలిందో కొలిచారు. కార్బన్ రెండు వైపులా ప్రయాణించింది, మొత్తం మీద ఫర్‌కే ఎక్కువ చేరింది, ఫర్ మీద నీడ పెరిగినప్పుడు అలా చేరేది మరింత పెరిగింది. ఆ శిలీంధ్రాలతో కలవని సీడర్ మొక్కలకు కూడా కొంత కార్బన్ చేరింది, అంటే మట్టి ద్వారా కూడా కొంత వెళ్లి ఉండాలి.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ప్రయోగంలో ఉన్నవి చిన్న మొక్కలు, మహావృక్షాలు కావు. అవి రెండు వేర్వేరు జాతులు, తల్లీబిడ్డలు కావు. 2023లో జస్టిన్ కార్స్ట్, మెలనీ జోన్స్, జేసన్ హోక్సెమా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఈ రంగంలో జరిగిన పనినంతా తిరగేసి, అడవుల్లో ఇలాంటి శిలీంధ్ర జాలాల గురించి ప్రచారంలో ఉన్న మాటలకు ఉన్న ఆధారాలు జనం అనుకుంటున్నంత గట్టివి కావని, ముఖ్యంగా పెద్ద చెట్లు తమ సంతానానికే ఎంచి మరీ పోషకాలు పంపుతాయన్న మాటను బలపరిచే క్షేత్ర ప్రయోగం ఏదీ లేదని 'నేచర్ ఎకాలజీ అండ్ ఎవల్యూషన్' పత్రికలో రాశారు. వీరిలో జోన్స్ పేరు 1997 నాటి పత్రం రచయితల్లో కూడా ఉంది. తమ రంగంలో తాము భాగం పంచుకున్న పని గురించి శాస్త్రవేత్తలు ఇలా తిరిగి ప్రశ్నించుకోవడం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం.

ఇప్పుడు ఆ పుస్తకాన్ని పక్కన పడేయాలా? అక్కర్లేదు. ఒక అటవీ శాస్త్రవేత్త జీవితకథగా, ఒక పరిశోధన ఎలా పుట్టిందో చెప్పే గ్రంథంగా అది చదవదగినదే. కానీ దాన్ని ఎవరికైనా ఇచ్చేటప్పుడు 2023 నాటి విమర్శను కూడా ఒక వాక్యంలో చెప్పండి. శిలీంధ్రాలను చెట్ల సేవకులుగా కాక వాటి వైపు నుంచి కూడా చూడాలని చెప్పే షెల్డ్రేక్ పుస్తకాన్ని దానితో కలిపి చదివితే ఇంకా మంచిది.

గమనికలు అసలే లేని పుస్తకం ఎదురైతే ఏం చేయాలి? కొందరు రచయితలు గమనికలను వెబ్‌సైట్లో పెడతారు, కాబట్టి చివరి పేజీల్లో ఆ మాట ఏమైనా ఉందేమో చూడండి. సొంత అనుభవాలతో రాసిన ప్రకృతి రచనకు గమనికలు లేకపోయినా తప్పుపట్టలేము. ఆరోగ్యం గురించి, ఆహారం గురించి, మెదడు గురించి సలహాలిచ్చే పుస్తకంలో గమనికలు లేకపోతే మాత్రం దాన్ని మీరు చదువుకోవచ్చు గానీ మరొకరికి సూచించకండి.

ఆడియో పుస్తకం వినేవారికి ఒక మాట. అందులో గమనికలు, పటాలు, చిత్రాలు ఉండవు. కొన్నిటికి విడిగా పీడీఎఫ్ ఇస్తారు, దాన్ని ముందే దించుకుని పెట్టుకోండి.

6. సంఖ్యలను మన లెక్కలోకి మార్చుకోండి

ఇంగ్లీషు సైన్సు పుస్తకాలు చదివి తెలుగులో చెప్పేటప్పుడు దొర్లే పొరపాట్లలో సంఖ్యలదే మొదటి స్థానం. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. ఈ మూడింటినీ నోటుపుస్తకం చివరి పేజీలో అన్నిటికంటే పైన రాసుకోండి. భూమి వయసు 4.54 బిలియన్ సంవత్సరాలు, అంటే 454 కోట్లు. విశ్వం వయసు 13.8 బిలియన్, అంటే 1,380 కోట్లు. రాక్షసబల్లులను తుడిచిపెట్టిన ఉల్క పడి 66 మిలియన్ సంవత్సరాలైంది, అంటే 6.6 కోట్లు. దాన్ని 66 కోట్లని రాసినవారు ఉన్నారు. అప్పటికి రాక్షసబల్లులే కాదు, నేల మీద నడిచే జంతువేదీ లేదు.

అంకెలు మారిస్తే సరిపోదు, వాటి పరిమాణం కూడా మనసుకు అందాలి. ఒక సంవత్సరాన్ని ఒక మిల్లీమీటరుగా అనుకోండి. 'అదర్‌లాండ్స్' మొదటి అధ్యాయం మీ నుంచి 20 మీటర్ల దూరంలో ఉంటుంది, ఉల్క పడిన రోజు 66 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, పుస్తకం చివరి అధ్యాయం 550 కిలోమీటర్ల అవతల ఉంటుంది. భూమి పుట్టుక కోసం 4,540 కిలోమీటర్లు వెళ్లాలి. ఒక మనిషి నిండు జీవితం ఒక జానెడు కూడా రాదు.

ప్రమాదం "రెట్టింపు" అయిందన్న వాక్యం కనిపిస్తే, ఎంతకు రెట్టింపు అని అడగండి. పదివేల మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వచ్చినా రెట్టింపే, వందలో ఇరవై మందికి వచ్చేది నలభై మందికి వచ్చినా రెట్టింపే. మొదటి సంఖ్య చెప్పకుండా రెట్టింపు అని మాత్రమే రాసిన రచయితను ఆ విషయంలో నమ్మకండి.

7. చదివేటప్పుడు

రోజుకు పాతిక పేజీలు పెట్టుకోండి. 350 పేజీల పుస్తకం రెండు వారాల్లో అయిపోతుంది, గమనికలను, పదసూచికను తీసేస్తే ఇంకా ముందే. ప్రతి అధ్యాయం చివర పుస్తకం మూసి మూడు వాక్యాలు రాయండి: ఏం తెలిసింది, ఎలా తెలిసింది, ఇంకా ఏది తేలలేదు. రెండో వాక్యం రాయలేకపోతే ఆ అధ్యాయంలో ప్రయోగం గురించి చెప్పిన పేరాను మళ్లీ చదవండి. పేజీల నిండా గీతలు గీయడం కంటే ఈ మూడు వాక్యాలే మీకు ఎక్కువ ఉపయోగపడతాయి.

తెలుగులో రాసుకునేటప్పుడు క్రియాపదాల విషయంలో జాగ్రత్త అవసరం. ఇంగ్లీషులో "కావచ్చు" అని ఉన్నదాన్ని "అవుతుంది" అని రాస్తే శాస్త్రవేత్త చెప్పని మాటను మనం చెప్పినట్టే. "సూచిస్తోంది", "సంబంధం కనిపించింది", "కారణమని తేలింది", "రుజువైంది" ఇవన్నీ వేర్వేరు బరువులున్న మాటలు. ఇంకా పరీక్షకు నిలబడని ఊహను పరికల్పన అనాలి, ఎన్నో పరీక్షలకు నిలిచినదాన్ని సిద్ధాంతం అనాలి. పరిణామ సిద్ధాంతాన్ని "కేవలం సిద్ధాంతమే" అనేవారు ఈ రెండింటినీ కలగలిపినవారే. ఎలుకల్లో చూసినదాన్ని ఎలుకల్లో అనే రాయండి. ఆ ఒక్క మాట వదిలేస్తే మందే లేని జబ్బుకు మందు దొరికినట్టవుతుంది.

8. ఫలితం సరిచూసుకోండి

పుస్తకం పూర్తయిన వారానికి, దాన్ని తెరవకుండా, మొదటి మెట్టులో రాసుకున్న ప్రశ్నకు ఒక పేరాలో జవాబు రాయండి. తర్వాత పుస్తకంతో పోల్చండి. జవాబులో పేర్లు, సంవత్సరాలు తప్పితే పెద్ద నష్టం లేదు, సరిదిద్దుకుంటే చాలు. కారణం తప్పితే మాత్రం ఆ అధ్యాయం మళ్లీ చదవాలి. ఇంకొక పరీక్ష కూడా ఉంది: ఈ విషయంలో ఏ కొత్త ఆధారం దొరికితే మీ అభిప్రాయం మార్చుకుంటారో చెప్పగలరా? చెప్పగలిగితే మీకు పుస్తకం నిజంగా అర్థమైనట్టే. చెప్పలేకపోతే, మీరు రచయిత శైలిని మెచ్చుకున్నారేమో గానీ వాదనను ఇంకా పట్టుకోలేదు.

9. ఇక మరొకరికి సూచించండి

ముందు ఒక పొరపాటు చెప్పాలి. నాకు బాగా కావలసిన ఒక కుటుంబంలో ఒకరికి క్యాన్సర్ చికిత్స జరుగుతున్న రోజుల్లో, ఆ వ్యాధి చరిత్ర గురించిన గొప్ప పుస్తకం ఒకటి వారికి ఇచ్చాను. విషయం తెలిస్తే ధైర్యం వస్తుందని నా ఉద్దేశం. అందులో పాతకాలపు చికిత్సల గురించి, అవి పనిచేయకపోవడం గురించి ఉన్న అధ్యాయాలు ఆ ఇంట్లో ఎవరూ చదవగలిగే స్థితిలో లేరు. పుస్తకంలో లోపం లేదు, సమయం చూడకపోవడం నా తప్పు. అప్పటి నుంచి జబ్బు గురించి, మరణం గురించి, వాతావరణ విపత్తుల గురించి ఉన్న పుస్తకాలను ఎదుటివారు తమంతట తాము అడిగితేనే చెబుతున్నాను.

ఎవరైనా అడిగినప్పుడు "మీకు ఏ విషయం ఇష్టం?" అని కాకుండా "ఈమధ్య చివరిదాకా చదివిన పుస్తకం ఏది?" అని అడగండి. ఇష్టాల గురించి అందరూ పెద్ద మాటలే చెబుతారు, పూర్తి చేసిన పుస్తకం మాత్రం వారి ఓపిక ఎంతో, అభిరుచి ఏమిటో ఉన్నదున్నట్టు చెబుతుంది. నవలలు చదివేవారికి ఒక మనిషి వెంట నడిచే పుస్తకం ఇవ్వండి. ఐజాక్సన్‌ది, సిమార్డ్‌ది అలాంటివి. తీరిక తక్కువగా ఉన్నవారికి అధ్యాయాలు విడివిడిగా చదువుకోగలిగే 'అదర్‌లాండ్స్' వంటిది ఇవ్వండి. పిల్లలకైతే మీరు ముందు ఒక అధ్యాయం గట్టిగా చదివి వినిపించి, వాళ్లు ఎక్కడ ప్రశ్న అడుగుతారో చూడండి.

పుస్తకం పేరు ఒక్కటే పంపకండి. నాలుగు వాక్యాల చీటీ రాయండి: ఏ ప్రశ్నకు జవాబు ఇస్తుంది, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ కష్టంగా ఉంటుంది, దేన్ని జాగ్రత్తగా నమ్మాలి. నేను ఈమధ్య రాసిన చీటీ ఇలా ఉంది: "జంతువులకు లోకం ఎలా తెలుస్తుందని అడిగారు కదా, ఈ పుస్తకం అదే చెబుతుంది. మొదట ఉపోద్ఘాతం చదివి, తర్వాత మీకు నచ్చిన ఇంద్రియానికి వెళ్లవచ్చు, వరుసగా చదవాల్సిన పని లేదు. జంతువుల పేర్లు చాలా వస్తాయి, అన్నీ గుర్తుపెట్టుకోవాలని చూడకండి. ఏ జంతువు దేన్ని పసిగడుతుందన్నది కొలిచి చెప్పిన సంగతి, దానికి లోపల ఎలా అనిపిస్తుందన్నది మాత్రం ఊహే. రచయిత కూడా ఆ తేడా పాటించారు, మీరూ పాటించండి."

మూడు వారాల తర్వాత ఒకసారి పలకరించండి. పుస్తకం ఎలా ఉందని అడిగితే మొహమాటానికి బాగుందంటారు. ఏ పేజీలో ఉన్నారని అడగండి, ఆగిపోయి ఉంటే ఆ పేజీ సంఖ్యను మీ నోటుపుస్తకంలో రాసుకుని, వీలున్నప్పుడు అదే పేజీ తెరిచి చదవండి. వివరించని పదమో, రేఖాపటమో, ముందు అధ్యాయం గుర్తుంటే తప్ప అర్థంకాని పేరానో అక్కడ కనిపిస్తుంది. తర్వాతిసారి అదే పుస్తకాన్ని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు చీటీలోని మూడో వాక్యంగా దాన్నే రాయండి.